జేబులో గోదాము

నేను 16 జీబీ పెన్‌డ్రైవ్‌ని. నిజామాబాద్ బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ షాపులో ఇయర్‌ఫోన్ల పక్కన వేలాడుతుంటే మా సారు కొన్నాడు. "పాటలు నింపుకోరి అన్నా, సినిమాలు గూడ పడ్తయి" అని షాపాయన నా గొప్ప చెప్పాడు. మా సారు నాలో ఒక్క పాటా పెట్టలేదు. ఆయన పెట్టినవి వింటే రాగం రాదు, చూస్తే బొమ్మ పడదు. అయినా అవి లేని రోజు ఆయన ల్యాబులో క్లాసు జరగదు.

మా సారుది ఎడపల్లి మండలంలో ఒక పల్లె. నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు, పిల్లలకు పైథాన్ చెబుతాడు. పొద్దున బోధన్ నుంచి వచ్చే బస్సెక్కి జానకంపేట మీదుగా పట్నం చేరతాడు. తాళాలగుత్తికి నేను, సీటు కోసం తోపులాటలో ఆయన. ల్యాబులో ఒక్కరు వాడితే నెట్ బాగానే వస్తుంది. క్లాసంతా ఒకేసారి డౌన్‌లోడ్ నొక్కితే తెర మీద గీత ఉన్నచోటే ఉంటుంది. అందుకని రాత్రిపూట ఇంట్లో ఫోన్ నెట్టుతో కావలసినవన్నీ దింపి, నాలో పెట్టుకొచ్చి, ఒక్కో మిషన్‌కు నన్ను గుచ్చుతాడు.

ఆ కావలసినవే ప్యాకేజీలు. వాటిని ఎక్కించే పనివాడు పిప్. పైథాన్ భాషలో లోకమంతా రాసిన పనిముట్లు పైపీఐ అనే గోదాములో ఉంటాయి. పిప్‌కు పేరు చెబితే గోదాము నుంచి ఆ సరుకు తెస్తుంది. దానికి తోడుగా ఇంకేం కావాలో చూసి వాటినీ తెస్తుంది. ఏది ఎక్కడ పెట్టిందో రాసుకుంటుంది, రేపు తీసెయ్యమంటే ఆ రాత చూసే తీస్తుంది. 2008లో ఇయాన్ బికింగ్ దీన్ని తయారుచేశాడు. అంతకు పదేళ్ల ముందే, 1998లో డెబియన్ లైనక్స్‌వాళ్లు తమ సిస్టమ్ కోసం ఆప్ట్‌ను తెచ్చుకున్నారు. 2009లో మ్యాక్‌కు హోమ్‌బ్రూ వచ్చింది. మైక్రోసాఫ్ట్ విండోస్‌కు సొంతంగా వింగెట్ తెచ్చేసరికి 2020 అయింది. అందరి పనీ ఒకటే, అలవాట్లే వేరు. ఆ తేడాలన్నీ వచ్చి పడింది నా మీద.

మొదటి దెబ్బ నా కడుపుకే తగిలింది. కొన్ననాడు నేను ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నాను. ఆ పద్ధతిలో ఎంత ఖాళీ ఉన్నా సరే, 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఉబుంటు అనే లైనక్స్‌ను ఎక్కించే ఇప్పటి ఐఎస్‌ఓ ఫైలు అంతకంటే పెద్దది. మా సారు నన్ను ఎన్‌టీఎఫ్ఎస్‌కు మార్చాడు. మ్యాక్ నన్ను చదివింది గాని నాలో ఒక్క అక్షరం రాయలేకపోయింది. చివరికి ఎక్స్‌ఫ్యాట్ దగ్గర లెక్క కుదిరింది. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి వివరాలు బయటపెట్టింది, అదే ఏడాది వచ్చిన లైనక్స్ కెర్నెల్ 5.4 దాన్ని లోపల చేర్చుకుంది. అప్పటి నుంచి మూడు సిస్టమ్‌లూ నన్ను చదువుతాయి, నాలో రాస్తాయి. పోతూ పోతూ గుర్తులూ వదులుతాయి. విండోస్ ఒక దాపుడు ఫోల్డరు పెడుతుంది, మ్యాక్ చుక్కతో మొదలయ్యే ఫైళ్లు చల్లిపోతుంది. ఒకసారి ఏదో జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ కోసం పెడితే షార్ట్‌కట్ వైరస్ అంటుకుంది. ఫోల్డర్లన్నీ మాయమై వాటి చోట షార్ట్‌కట్‌లు కూర్చున్నాయి. ఫార్మాట్ కొట్టి మళ్లీ నింపడం తప్ప మా సారుకు దారి దొరకలేదు.

ల్యాబులో ఎక్కువ మిషన్లు విండోస్‌వి. 2014లో వచ్చిన పైథాన్ 3.4 నుంచి పిప్ పైథాన్‌తోనే కలిసి వస్తోంది. కాబట్టి పైథాన్ ఎక్కితే పిప్ ఎక్కినట్టే. అయినా నల్ల తెరలో పిప్ అని కొట్టగానే అలాంటి కమాండే లేదని విండోస్ అంటుంది. "ఎక్కిచ్చిన గని దొర్కుతలేదు సార్" అని నాలుగు మూలల నుంచీ కేకలు. తప్పంతా ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున ఉండే చిన్న గడిలో ఉంది. పైథాన్‌ను పాత్‌లో చేర్చాలా అని అడిగే గడి అది, దానికి ముందుగా టిక్ పెట్టి ఉండదు. పిల్లల కన్ను పైనున్న 'ఇన్‌స్టాల్ నౌ' మీదే పడుతుంది. కమాండ్ కొట్టినప్పుడు ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా పాత్. ఆ జాబితాకెక్కని పిప్ డిస్కులో ఉన్నా లేనట్టే లెక్క. అసలు పైథానే ఎక్కించకుండా పైథాన్ అని కొట్టినవాళ్లకు ఇంకో వింత, మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. మా సారు అందరిచేతా 'పీవై -ఎం పిప్' అని కొట్టిస్తాడు. పీవై అనేది పైథాన్‌తో వచ్చే లాంచర్. మిషన్‌లో రెండు మూడు పైథాన్లు పోగుపడ్డా, ఏ పైథాన్ తాలూకు పిప్ పని చేస్తోందో దీనితో తేలిపోతుంది.

విండోస్ 10 బరువు మోయలేని పాత మిషన్లకు ఆయన ఉబుంటు ఎక్కించాడు. అక్కడ పైథాన్ ముందే ఉంటుంది, పిప్ మాత్రం ఉండదు. ఆప్ట్‌ను అడిగి విడిగా తెప్పించుకోవాలి. తెప్పించుకొని ఏదైనా ఎక్కించబోతే, ఈ పైథాన్ బాధ్యత వేరొకరిదంటూ సిస్టమ్ అడ్డుపడుతుంది. 2023లో వచ్చిన డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఈ కట్టడి ఉంది. వెనక బెంచీ అమ్మాయి ఒకతె అడిగేసింది.

"కంప్యూటర్ మనదే గద సార్, మనల్నే వద్దంటదేంది?"

"కంప్యూటర్ మనదే బిడ్డా, గా పైథాన్ సిస్టమ్‌ది. దాని సొంత పనులు గూడ దాని మీదనే నడుస్తయి. పిప్ వచ్చి అండ్ల ఒక్క వెర్షన్ మార్చిందనుకో, ఆప్ట్ లెక్క ఒకటి, డిస్కుల ఉన్నది ఇంకొకటి. ఎవరు సరిజెయ్యాలె?"

దీనికి ఆయన చెప్పే దారులు రెండు. ఆప్ట్ గోదాములోనే ఆ పనిముట్టు ఉంటే అక్కడి నుంచే తెచ్చుకోవడం ఒకటి. లేదంటే వీఎన్వీతో తనకంటూ వేరే గది కట్టుకొని పిప్ సరుకంతా అందులోనే దించుకోవడం రెండోది. ఆ వీఎన్వీ ప్యాకేజీ కూడా ఉబుంటులో విడిగా తెప్పించుకోవాల్సిందే. కట్టడిని దాటే మాట కూడా ఒకటుంది, 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని. పేరులోనే జరగబోయేది చెప్పేశారు. తెలివైన కుర్రాడొకడు ఆ గదిని నా మీదే కట్టబోయాడు, జేబులో పెట్టుకుపోదామని. అది కుదరలేదు. వీఎన్వీకి సింబాలిక్ లింకులు కావాలి, ఎక్స్‌ఫ్యాట్‌కు అవి రావు. సరుకు మోయడం వరకే నా వంతు, కాపురం మిషన్‌లోనే.

గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు ఈ జిల్లాలో అరుదు. అలా దుబాయి నుంచి అన్న తెచ్చిన మ్యాక్‌బుక్ చంకన పెట్టుకొని ఒక పిల్లవాడు వచ్చాడు. దానికి అన్నీ సన్నటి యూఎస్‌బీ-సీ రంధ్రాలే, నేను దూరే చోటు లేదు. అడాప్టర్ కొనుక్కొచ్చాక గాని మా పరిచయం కాలేదు. హోమ్‌బ్రూ ఎక్కించాలంటే ముందు ఆపిల్ వాళ్ల కమాండ్ లైన్ టూల్స్ ఉండాలి. తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. "కీబోర్డు వోయింది సార్" అని పిల్లవాడు హడలిపోయాడు. ఇంటెల్ చిప్ మ్యాక్‌లలో హోమ్‌బ్రూ సరుకు ఒక చోట, ఆపిల్ సొంత చిప్ మ్యాక్‌లలో 'ఓపీటీ' లోపలి హోమ్‌బ్రూ అనే వేరే ఫోల్డరులో దిగుతుంది. అంతా అయ్యాక చివర్న రెండు మూడు లైన్లు చూపించి, వీటిని కూడా నడపమంటుంది. ఆపిల్ చిప్ మ్యాక్‌లో అవి చదవకుండా తెర మూసేస్తే బ్రూ అని కొట్టినా పలకదు. విండోస్‌లో చూసిన పాత్ గొడవే ఇక్కడా.

ఇంతకీ నాలో ఏముంది? వీల్ ఫైళ్లు. పైథాన్ ప్యాకేజీలను ముందే తయారుచేసి కట్టిపెట్టే మూటలివి. ఏ పైథాన్ వెర్షన్‌కు, ఏ సిస్టమ్‌కు, ఏ చిప్‌కు చెల్లుతుందో ఫైలు పేరులోనే రాసి ఉంటుంది. విండోస్ కోసం దింపిన నంపై అనే లెక్కల పనిముట్టు మూట ఉబుంటుకు చెల్లదు, ఉబుంటుది మ్యాక్‌కు చెల్లదు. ఉత్త పైథాన్‌లో రాసినవాటి పేరులో మాత్రం 'ఎనీ' అని ఉంటుంది, అవి ఎక్కడైనా దిగుతాయి. అందుకని నాలో విండోస్‌కు ఒకటి, లైనక్స్‌కు ఒకటి, మ్యాక్‌కు ఒకటి, అందరికీ చెల్లేవాటికి ఒకటి, ఇలా విడివిడి ఫోల్డర్లున్నాయి. మా సారు ఇంట్లో విండోస్ మీద కూర్చొనే, ప్లాట్‌ఫారం పేరు చెప్పి మిగతావాటి మూటలూ పిప్ చేతనే దింపిస్తాడు. ల్యాబులో నెట్ వైపు చూడొద్దని, నాలోని ఫోల్డరులోనే వెతకమని పిప్‌కు చెబుతాడు.

పిల్లలకు ఇచ్చిన ప్రాజెక్టు, మార్కెట్ యార్డు పసుపు ధరల పట్టిక. దానికి కావలసింది పట్టికల పనిముట్టు పాండాస్ ఒక్కటే అనుకున్నారు. పాండాస్ రెండో తరం వెర్షన్‌కు నంపై కావాలి, డేట్‌యుటిల్ కావాలి, పైటీజెడ్ కావాలి, టీజెడ్ డేటా కావాలి. డేట్‌యుటిల్‌కు మళ్లీ సిక్స్ కావాలి. ఈ సిక్స్ చిన్న ఫైలు. పైథాన్ 2లోనూ 3లోనూ ఒకే కోడ్ నడవడానికి పుట్టింది, రెండు మూళ్లు ఆరు కాబట్టి ఆ పేరు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో కాలం చెల్లింది. సిక్స్ మాత్రం ఇంకా ఊరేగుతూనే ఉంది, ఎందుకంటే దాని మీద నిలబడ్డవాళ్లు ఇంకా ఉన్నారు. నెట్ ఉన్నచోట ఈ గొలుసు ఎవరికీ కనపడదు. పేరు కొడితే సరుకు దిగుతుంది, అంతే. నాలో సిక్స్ పెట్టడం మరిచిన నాడు క్లాసంతా ఆగుతుంది. మోసేవాడికే తెలుసు కావడి బరువు.

ఒక రాత్రి మా సారు ఈ గొలుసు సంగతి వాళ్ల బాపుకు చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌కు గుచ్చి ఉన్నాను. బాపు ఒకప్పుడు చెరుకు వేసిన రైతు. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ లోకంలో జరిగిందంటూ మా సారు లెఫ్ట్-ప్యాడ్ కథ ఎత్తుకున్నాడు. అది పదకొండు లైన్ల కోడ్. అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు పూరించడమే దాని పని. వేరే ప్యాకేజీ పేరు దగ్గర వచ్చిన తగాదాతో దాన్ని రాసినవాడు తన సరుకంతా ఎన్‌పీఎం గోదాము నుంచి తీసేశాడు. దాన్ని వాడుకున్నవాటిని వాడుకున్నవన్నీ ఎక్కడికక్కడ ఆగిపోయాయి. తమకు లెఫ్ట్-ప్యాడ్ అవసరమని కూడా తెలియనివాళ్ల పనులు సైతం నిలిచాయి. కొద్ది గంటల్లోనే ఎన్‌పీఎంవాళ్లు దాన్ని తిరిగి పెట్టారు. తర్వాత రూలు మార్చారు. పెట్టి కొంత గడువు దాటి, దాని మీద ఇతరులు ఆధారపడ్డాక, రాసినవాడైనా తనంతట తాను తీసెయ్యడానికి వీల్లేదు.

బాపు తేదీ దగ్గరే ఆగాడు. ఆ మార్చికి మూడు నెలల ముందే, 2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. నిజాంసాగర్ నీళ్లు 1931లో వస్తే, ఆ నీళ్ల మీద చెరుకు పెరిగితే, 1937లో ఆ చెరుకు మీద ఫ్యాక్టరీ లేచింది. ఫ్యాక్టరీ మీద చెరుకు కొట్టే ముఠాలు, బండ్లు, ట్రాక్టర్లు, కాటా దగ్గర చాయ్ హోటళ్లు, బోధన్ బజారు అప్పు ఖాతాలు నిలబడ్డాయి. అది ఆగేసరికి పొలాలు వరికి, సోయాకు తిరిగాయి. తెరిపించే దారి చూడడానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీని వేసింది.

"పదకొండు లైన్లకు రూలు వెట్టుకున్నరా?" అన్నాడు బాపు. "ఇంత మంది నిలబడ్డ దానికి మనోళ్లు ముందుగాల ఎందుకు వెట్టుకోలేదు మరి?"

మా సారు జవాబు చెప్పలేదు. మర్నాటి నుంచి పాఠం మాత్రం మార్చాడు. ఎక్కించే ముందే పిల్లలు ఒక కాగితం తీస్తారు. ఏది కావాలి, అది దేని మీద నిలబడింది, ఏ వెర్షన్, పోతే ఇంకో కాపీ ఎక్కడుంది, ఇవన్నీ రాశాకే నన్ను గుచ్చాలి. రేపు ల్యాబుకు వేగమైన నెట్ వస్తుంది, రావాలి కూడా. అప్పుడు నన్నెవరూ అడగకపోయినా సరే గాని, ఆ కాగితం రాయడం మాత్రం మానొద్దని నా మాట.