తనకల్లు హద్దురాయి

నేను రాయిని. తనకల్లు దగ్గర ఒక చెనిక్కాయ చేని గెనెం మీద సగం మన్నులో, సగం ఎండలో ఉంటాను. 1923లో మద్రాసు సర్వే, సరిహద్దుల చట్టం వచ్చాక రెవెన్యూ సర్వే వాళ్ళు గుట్టమీది బండను కొట్టించి నన్ను ఇక్కడ పాతారు. నా దగ్గరే రెండు సర్వే నంబర్లు విడిపోతాయి.

నేను కదలలేదు, నా చిరునామా మారుతూ వచ్చింది. మద్రాసు రాజధానిలో పుట్టాను, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాను. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి చేరాను. ఇన్ని మారినా నేను ఎక్కడున్నానో కచ్చితంగా చెప్పగలిగింది పొలం హద్దుల కొలతలు చూపే ఒక్క ఎఫ్‌ఎంబీ పటమే. అది ఆఫీసు బీరువాలో ఉండేది. నా పక్కన మడక దున్నే మనిషి తన చేని పటం చూడాలంటే అర్జీ పెట్టుకుని తిరగాల్సి వచ్చేది. అది నాకు బాధగానే ఉండేది.

ఈ సీమకు కొలత కొత్త కాదు. 1800లో ఈ సీమ దత్త మండలాల పేరుతో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాక కలెక్టరుగా వచ్చిన మన్రో, 33 అడుగుల గొలుసుతో పొలాలన్నీ కొలిపించాడు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న గళ్ళు నలభై కలిస్తే ఎకరా. 1802లోనే లాంబ్టన్ అనే సర్వేయరు మద్రాసు దగ్గర పెద్ద త్రికోణ సర్వే మొదలుపెట్టాడు. 78వ రేఖాంశానికి దగ్గరగా, దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ఆ కొలత మా పాత జిల్లాలోని గుత్తి మీదుగానే పోయింది. దాని ఆధారంగా ఎవరెస్ట్ అనే సర్వేయరు 1830లో భూమి ఆకారానికి అంకెలు కట్టాడు. మన దేశపు పాత సర్వే పటాలు చాలావరకు ఆ అంకెల మీదే గీశారు. ఆ అంకెలే నా కథలో చిక్కు తెచ్చాయి.

మా రైతు మనవడు అనంతపురంలో ఇంజనీరింగు చదివేవాడు. సెలవుల్లో వచ్చి నా నెత్తిన ఫోను పెట్టి, ఉపగ్రహాలు అందేదాకా కాచుకుని, వచ్చిన అంకెలు రాసుకున్నాడు. 14వ అక్షాంశానికి కాస్త దిగువన, 78వ రేఖాంశానికి కాస్త తూర్పున నేనున్నానని అప్పుడే విన్నాను. తర్వాత స్కాన్ చేసిన పాత సర్వే పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచాడు. అతుకు కుదరలేదు. చెరువు పోయి చేలల్లో పడింది. నేను ఇంకొకరి పొలంలో తేలాను. తేడా వంద మీటర్లకు పైనే. పటం తప్పా, ఫోను తప్పా అన్నది ఆ పిల్లవాడికి అంతుపట్టలేదు.

2017 జనవరిలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఫాస్‌ఫర్‌జీ ఆసియా సదస్సు జరిగింది. పటాలు గీసే సాఫ్ట్‌వేరును ఎవరైనా వాడుకునేలా, విప్పి చూసేలా, మార్చుకుని పదిమందికి పంచేలా తయారుచేసేవాళ్ళ కూడిక అది.  మా పిల్లవాడు రాత్రి బస్సెక్కి అక్కడికి పోయాడు. తిరిగొచ్చి ఇదే గెనెం మీద కూర్చుని వాళ్ళ జేజినాయనకు చెబుతుంటే నేనూ విన్నాను.

పటం తప్పు కాదు, ఫోను తప్పూ కాదు. ఎవరెస్ట్ కట్టిన భూమి వేరు, ఉపగ్రహాలు లెక్కించే డబ్ల్యూజీఎస్ 84 భూమి వేరు. ఒకదాని అంకెలను రెండోదానిలోకి మార్చకుండా పరిస్తే చోటు జరుగుతుంది. ఆ మార్పిడి చేసే ప్రోజ్ అనే లెక్కల పెట్టె అలాంటి పటాల సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్‌లోనే ఉంది. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఆ క్యూజీఐఎస్‌ను ఈరోజు ప్రపంచమంతా వాడుతోంది, పైసా కట్టనక్కరలేదు. మా పిల్లవాడు మార్పిడి సరిచేసి మళ్ళీ పరిచాడు. చెరువు కట్ట చెరువు కట్ట మీదికి వచ్చింది. నేను నా గెనెం మీదికి వచ్చాను. గుత్తి మీదుగా పోయిన కొలతకూ, ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికీ నా దగ్గర లెక్క కుదిరింది.

అయితే ఫోను లెక్కలో ఇంకా కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. హద్దు తగాదా తీర్చడానికి అది చాలదు, దానికి సెంటీమీటర్లలో చెప్పే రోవర్ పరికరాలు కావాలి. కానీ ఊరి పటానికి కావలసింది ఫోను ఇవ్వగలదు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు ఉపగ్రహ చిత్రాలు చూసి, అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాజధాని పోర్టో ప్రిన్స్ వీధులు గీశారు. సహాయానికి పోయినవాళ్ళు ఆ పటం పట్టుకునే నడిచారు. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించింది. పటం గీయడానికి ముందస్తు అనుమతులు తెచ్చుకోవాల్సిన పని చాలావరకు పోయింది. నా మట్టుకు నాకు అది ఆలస్యంగా అందిన న్యాయం.

ఇప్పుడు ఊళ్ళోని కుర్రవాళ్ళు కుంటలు, వంకలు, చెక్‌డ్యాములు, బోర్లు ఒక్కొక్కటే పటంలోకి ఎక్కిస్తున్నారు. నీళ్ళ లెక్క ఈ సీమ రైతుకు తెలియనిది కాదు. 2000 దశకంలో అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే బావుల్లో నీటి మట్టం, వాన కొలతలు రాసుకుని, ఉన్న నీళ్ళకు సరిపడే పంట ఎంచుకున్నారు. ఆ అంకెలకు ఇప్పుడు చోటు కూడా తోడవుతోంది. ఏ బోరు ఏ వంక పక్కన ఉంది, ఏ చెక్‌డ్యాముకు ఎంత దిగువన ఉంది అనేది ఒక్క చూపులో తెలుస్తుంది.

మొన్న మనవడు పారే బోర్లకు మాత్రమే గుర్తులు పెడుతుంటే జేజినాయన అడ్డుకున్నాడు.

"ఎండిపోయినవి గూడా పెట్టు నాయనా. యాడ ఎన్ని అడుగులకు పోయినా నీళ్ళు పడలేదో అది గూడా రాయి. పక్క చేనోడు సూసుకుంటాడు, అప్పు జేసి ఆడ్నే ఇంగో బోరు ఎయ్యడు."

పిల్లవాడు కొత్త గడి తెరిచి, ఎండిన బోరు అని పేరు పెట్టి, మా చేనిలోని దానితోనే మొదలుపెట్టాడు.