అంటించుకున్నవాడిదే దారి

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాడు. కిందటి దీపావళికి లాల్‌దర్వాజాలోని మా ఇంటికొచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు. ఉద్యోగం ఊడిందేమోనని నేను, వీసా పోయిందేమోనని మా అక్క, పెళ్లాంతో గొడవేమోనని మా ఆవిడ, ఎవరి శక్తి కొద్దీ వాళ్లం అనుమానపడ్డాం. రెండో చాయ్ అయ్యాక వాడే నోరు విప్పాడు.

"స్టిక్కర్ పోయింది మామా."

మా ఇంట్లో స్టిక్కర్ అంటే బొట్టుబిళ్ల. మా ఆవిడ గబగబా లోపలికెళ్లి, లాడ్‌బజార్‌లో కొన్న అట్టొకటి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "ఇగో, నీ పెండ్లానికియ్యి. గింత దానికి మొఖం గట్ల పెట్టుకుంటరా?" అంది.

ఇది ఆ స్టిక్కర్ కాదు. అక్కడి పెద్దరోడ్ల మీద, మధ్య గోడను ఆనుకుని ఒక వరస ప్రత్యేకంగా ఉంటుంది. కార్‌పూల్ లేన్ అంటారు. ఒకే కారులో ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్తే రద్దీ వేళ ఆ వరసలో దూసుకుపోవచ్చు. ఒంటరిగాడు దూరితే జరిమానా తక్కువలో తక్కువ 490 డాలర్లు. నలుగురు నాలుగు కార్లు తీయకుండా ఒక్క కారులో సర్దుకోండి, రోడ్డు తెరిపిన పడుతుంది అన్నది దాని వెనకున్న ఆలోచన. మంచి ఆలోచనే.

మంచి ఆలోచన ఎక్కువ రోజులు మంచిగా ఉంటే ప్రభుత్వాలకు తోచదు. 2000 నుంచి కరెంటు కార్లకు ఒక తెల్ల స్టిక్కర్ ఇచ్చారు. అది అంటించుకుంటే లోపల ఒక్కడే ఉన్నా ఆ వరసలో వెళ్లొచ్చు. తర్వాత సగం పెట్రోలు, సగం కరెంటుతో నడిచే హైబ్రిడ్లకు పసుపు స్టిక్కర్. వాటిని 85,000 దగ్గర ఆపేసి, 2011 జులై 1తో చెల్లవన్నారు. ఆపైన ఆకుపచ్చ, ఎరుపు, ఊదా, నారింజ, నీలం. మా గల్లీలో బోనాలకు కట్టే జెండాల్లో కూడా ఇన్ని రంగులుండవు. చివరికి ఢిల్లీ లాంటి వాళ్ల వాషింగ్టన్ ఇచ్చిన అనుమతికి గడువు తీరి, 2025 సెప్టెంబరు 30తో రంగులన్నీ ఒక్కసారే వెలిసిపోయాయి. మా వాడిది సూతకం లాంటి దుఃఖం. మూడు వారాలైనా తీరలేదు.

"అంటించడం ఎంత పని మామా!" అని తలుచుకున్నాడు. ముందు కారు కడగాలి. స్పిరిట్‌తో తుడవాలి. రంగు పాడవకుండా ముందొక పారదర్శకపు పొర వేసి, దాని మీద స్టిక్కర్ వేయాలి. బంపర్ మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి. గాలిబుడగ మిగలకూడదు, వంకర రాకూడదు. ఆదివారం పొద్దంతా పట్టిందట. వాడి ఉపనయనానికి పురోహితుడు కూడా అంత నిష్ఠగా లేడు.

ఇంతకీ ఆ స్టిక్కర్ చేసే పని ఒక్కటే. ఒక్కణ్ని పట్టుకుని ముగ్గురని చెప్పడం. ముగ్గురు కలిసి వెళ్లాలని వేసిన దారిలో ఒక్కడే వెళ్తూ, మిగతా ఇద్దరి స్థానంలో నాలుగు అంగుళాల ప్లాస్టిక్‌ను కూర్చోబెట్టుకోవడం.

అమెరికావాడు ఇదేదో కొత్తగా కనిపెట్టాననుకుంటున్నాడు. పాతబస్తీకి ఈ విద్య తాతలనాటిది. మొగలు పాదుషాలు తమకు కావలసిన ఉమరాలకు మాహీ మరాతిబ్ అనే గౌరవం ఇచ్చేవారు. చేప రూపంలో చేసిన చిహ్నాన్ని కర్రకు ఎత్తి ఊరేగింపు ముందు నడిపించుకునే హక్కు అది. చేప వస్తుంటే జనం పక్కకు తప్పుకోవాలి. చేపకూ పరిపాలనకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చేప గౌరవం పోతుంది.

చేప పోయి ఎర్రబుగ్గ వచ్చింది. 2017 మే 1న ఎర్రబుగ్గలూ పోయాయి. కేంద్ర మంత్రివర్గమే తీసేయమంది. అంతకు ముందే, 2012 ఏప్రిల్ 27న, అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. తల మీద బుగ్గ లేదు, కిటికీకి తెర లేదు. మరి పెద్దమనిషి పెద్దమనిషని ఎట్లా తెలియాలి? అప్పుడు దిక్కయింది రేడియం స్టిక్కర్.

అఫ్జల్‌గంజ్ వెనక ఒక సందులో నాకు తెలిసిన రేడియం భాయ్ ఉన్నాడు. దుకాణం అంటే ఒక షట్టరు, ఒక కంప్యూటరు, కాగితం కోసినట్టు రేడియం కోసే ఒక మిషను, సబ్బునీళ్ల సీసా. మొన్న నా స్కూటర్ నంబరు చెరిగిపోతే వెళ్లాను. నాకంటే ముందొక కుర్రాడు బైక్ ఆపి, "భాయ్, ప్రెస్ అని కొట్టాలె" అన్నాడు. భాయ్ తల ఎత్తి అడిగింది ఒక్కటే: "లాల్ యా నీలా?" ఏ పేపరని అడగలేదు, ఏ రంగని అడిగాడు. కుర్రాడు ఎరుపన్నాడు. సబ్బునీళ్లు చల్లి, అక్షరాలు పరిచి, ప్లాస్టిక్ చెక్కతో నీళ్లు బయటికి తోసి, పై కాగితం లాగేసరికి పది నిమిషాల్లో ఒక పాత్రికేయుడు పుట్టాడు. నేను ముప్పై ఏళ్లుగా పత్రికలకు రాస్తున్నాను. నా స్కూటర్ మీద నంబరు కూడా చెరిగిపోయి ఉంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రెస్ అని రాసుకున్న వాళ్లలో నిజాయితీపరులు నాకు ఛత్తాబజార్‌లో కనిపించారు. అక్కడ పెళ్లికార్డులు అచ్చువేసే ప్రెస్సులు బోలెడు. వాళ్లు రాసుకున్న మాట అక్షరాలా నిజం.

ప్రెస్ తర్వాత పోలీస్, అడ్వకేట్, డాక్టర్, ఆర్మీ, 'గవర్నమెంట్ డ్యూటీ'. పోలీస్ అని రాసుకున్నవాడిని అడిగితే బావమరిది హోంగార్డని తేలుతుంది. ఈ బంధుత్వంలో ఆంధ్ర సోదరులు మనకంటే ఒక మెట్టు పైన ఉన్నారు. 2024 ఎన్నికలయ్యాక అక్కడి బైకుల మీద 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని వెలిసింది. మన దగ్గర కనీసం ఒక ఉద్యోగం పేరు రాసుకుంటారు, అబద్ధమైనా సరే. అక్కడ ఫలానా వారి తాలూకా అంటే చాలు. నంబరు ప్లేటు మీద నంబరుకు తప్ప దేనికీ చోటు లేదని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నా, తాలూకాకు మాత్రం చోటు దొరికింది.

చట్టం ఒప్పుకునే స్టిక్కరూ ఒకటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్లతో పాటు ముందు అద్దానికి మూడో ప్లేటుగా ఒక హోలోగ్రామ్ స్టిక్కర్ వేస్తున్నారు. బండి ఏ ఇంధనంతో నడుస్తుందో దాని రంగే చెబుతుంది. పెట్రోలుకు లేత నీలం, డీజిల్‌కు నారింజ. పీకబోతే దానంతటదే ముక్కలైపోయేలా ఉండాలని నిబంధన. అంటే సర్కారు వేసిన నిజం గోరు తగిలితే చిరిగిపోతుంది. రేడియం భాయ్ వేసిన అబద్ధం బండి తుక్కుకెళ్లినా చెక్కు చెదరదు.

ఇప్పుడు ఈ కుటుంబంలోకి కొత్తల్లుడు వచ్చాడు. పచ్చ ప్లేటు. కరెంటు బండ్లకు పచ్చ పలక మీద తెల్ల అక్షరాలు, టాక్సీలైతే పసుపు అక్షరాలు ఉండాలని 2018లో కేంద్రం చెప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చి, 2026 డిసెంబరు 31 దాకా వీటికి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. దానితో నాకు పేచీ లేదు. పొగ తగ్గడం కోసం కొనేవాడికి నాలుగు రూపాయలు కలిసొస్తే మంచిదే. పొద్దున్నే మదీనా చౌరస్తాలో ఊపిరి పీల్చినవాడెవడూ కాదనడు.

పేచీ ఎక్కడంటే, మాఫీ అయినవాడికి మర్యాద కూడా కావాలనిపించడం దగ్గర. మా గల్లీ చివర ఒక పెద్దాయన ఈ మధ్యే పచ్చ ప్లేటు కారు కొన్నాడు. ఆయన కారు గల్లీలోకి రాదు, గల్లీ అంత వెడల్పు లేదు. అందుకని కారు బయట మసీదు గోడ పక్కన నిలబడుతుంది. మొదటి అంతస్తు కిటికీలోంచి ఆయన ఒక ఎక్స్‌టెన్షన్ వైరు వదులుతాడు. అది మా వరండా మీదుగా, పక్కింటి దండెం మీదుగా, సంక్రాంతి మాంజాలాగా వేలాడుతూ వెళ్లి కారును చేరుతుంది. రాత్రిళ్లు మేం తల వంచి నడుస్తాం. పర్యావరణానికి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి కదా.

ఆ పెద్దాయన నా దగ్గరికి ఒక అర్జీ రాయించుకోవడానికి వచ్చాడు. చార్మినార్ చుట్టూ బండ్లు రాకుండా నడకదారి చేశారు కదా, అందులోకి పచ్చ ప్లేట్లను వదలాలట. "మాది పొగ రాని బండి. నడిచేవాళ్లకు మావల్ల నష్టమేంది?" అన్నాడు. కాలిఫోర్నియా స్టిక్కర్ సంగతి ఎక్కడో విన్నాడు, దాన్ని ఉదాహరణగా వేయమన్నాడు.

పెద్దాయనకు అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. పత్తర్‌గట్టి ముందు ఇరుక్కున్న పెట్రోలు కారు ఎంత చోటు తింటుందో, ఇరుక్కున్న కరెంటు కారూ అంతే చోటు తింటుంది. బ్యాటరీ వేస్తే కారు సన్నబడదు. రోడ్డు మీద మనం పంచుకునేవి రెండు: గాలి, జాగా. పచ్చ ప్లేటువాడు గాలి విషయంలో మనకు మేలు చేశాడు, దండం పెడదాం. జాగా విషయంలో వాడూ మనవాడే, ఒక మనిషికి ఒక కారు. గాలిలో చేసిన మేలుకు జాగాలో బాకీ వసూలు చేసుకుంటానంటే, ఉపవాసం ఉన్నాను కాబట్టి పక్కవాడి విస్తరి నాకే అన్నట్టుంటుంది. కాలిఫోర్నియాలో జరిగిందీ అదే. జాగా పొదుపు చేసినవాళ్లకని కట్టిన దారిని గాలి పొదుపు చేసినవాళ్లకు రాసిచ్చారు. ఇచ్చేటప్పుడు ఉత్సవం. తిరిగి తీసుకునేటప్పుడు మా మేనల్లుడి మొహం.

నిజానికి కార్‌పూల్‌కు స్టిక్కర్ ఇవ్వాల్సి వస్తే మొదటిది ఇవ్వాల్సింది చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట పోయే షేర్ ఆటోకు. ఏ పాలసీ చదవకుండా, ఏ సబ్సిడీ అడగకుండా, జానెడు జాగాలో ఎనిమిది మందిని సర్దే విద్య అది. రెండో స్టిక్కర్ త్రిబుల్ రైడింగ్‌కు. నేను దాన్ని సమర్థించడం లేదు, పడితే ప్రాణం పోతుంది. కానీ ముగ్గురు ఒకే బండి మీద వెళ్తే ఫ్రీమాంట్‌లో బహుమానం, ఫలక్‌నుమాలో చలానా. పైపెచ్చు అక్కడ ఒక్కడు వెళ్తే ముగ్గురుగా లెక్క.

మేనల్లుణ్ని ఊరడించాలని మర్నాడు షేర్ ఆటో ఎక్కించాను. క్యాబ్ పిలుస్తానన్నాడు. "ఒక్క పూట నిజం కార్‌పూల్ చూడరా" అన్నాను. శాలిబండ దగ్గర ఎక్కేసరికి లోపల ఆరుగురు ఉన్నారు. నేను ఏడోవాణ్ని. మా వాడు వెనక్కి తగ్గాడు. డ్రైవర్ పక్కకు జరిగి, సీటులో జానెడు చూపించి, "ఆవ్ భాయ్ ఆవ్, బహుత్ జగా హై" అన్నాడు. ఆ జానెడులో మా వాడు ఒక తొడ మీద కూర్చున్నాడు. రెండో తొడ హైదరాబాద్ గాలిలో ఉంది. ఒడిలో ఎవరిదో గోధుమపిండి సంచి. పక్కన ముసలమ్మ ఏ ఊరు బిడ్డా అని అడిగింది, అమెరికా అంటే ఎంత జీతమని అడిగింది, చెప్పకముందే పెళ్లయిందా అని అడిగింది. దిగేటప్పుడు మూడు వారాల తర్వాత మా వాడు మొదటిసారి నవ్వాడు.

"ఒక్కొక్కరికి ఎంత చోటు పట్టింది మామా ఇందులో?" అని వాడే లెక్కలు కూడా వేశాడు.

వాడు వెళ్లిపోయిన వారానికి ఆటో భాయ్ నన్ను ఆపి ఫోన్‌లో చలానా చూపించాడు. కెమెరా తీసిన ఫోటో. ఎక్కువ మందిని ఎక్కించాడని. ఆయనకేం దిగుల్లేదు. 2023 డిసెంబరులో బైకుల పాత చలానాలకు 80 శాతం తగ్గించినప్పటి నుంచి ఆషాఢం సేల్‌కు చూసినట్టు ఎదురుచూడ్డం ఇక్కడ అందరికీ అలవాటే. నాకు చూపించింది ఫోటో కోసం. డ్రైవర్ పక్కన, బయటికి వేలాడే కాలుతో, గోధుమపిండి సంచి కౌగిలించుకుని నవ్వుతున్నవాడు మా మేనల్లుడే.

ఆ ఫోటో వాడికి పంపాను. ఏళ్ల తరబడి ఒంటరిగా, ముగ్గురి దారిలో తిరిగినన్నాళ్లూ ఒక్క కెమెరా వాడి వంక చూడలేదు. నిజంగా నలుగురితో కలిసి కూర్చున్నది ఒక్క పూట.