సమాచారం ఇచ్చినవాడు

2002 నాటి కాంపిటీషన్ చట్టం, అంటే బలిసిన సంస్థ మార్కెట్‌లో చిన్నవాడిని తొక్కేయకుండా చూడడానికి చేసిన చట్టం, నష్టపోయి వచ్చిన వ్యాపారిని ఫిర్యాదుదారు అని పిలవదు. 2007 సవరణతో ‘ఫిర్యాదు’ పోయి ‘సమాచారం’ వచ్చింది గనుక, కొంప మునిగినవాడు సైతం ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ లెక్కలో ఒక సంగతి చెవిన వేసి పోయిన బాటసారే.

ఈ సూక్ష్మం ముందుగా తెలియవలసింది వికారాబాద్ అనంతగిరి గుట్టల కింద నాలుగు గదులు కట్టుకొని, శని, ఆదివారాల్లో హైదరాబాద్ కార్ల కోసం దారి చూసే లాడ్జి యజమానికి. పోలికకు చూస్తే, తాండూరు కందుల మార్కెట్‌లో అడ్తిదారు, అంటే రైతుకూ ఖరీదుదారుకూ నడుమ నిలిచి కమీషన్ తీసుకునేవాడు, మార్కెట్ కమిటీ కళ్లెదుటే తన వాటా తీసుకుంటాడు. రైతు ఇంటి దగ్గర పొరుగాయనకు పది కిలోలు అగ్గువకు ఇస్తే అడ్తిదారు అలగడు. సెల్‌ఫోన్‌లో కాపురముండే అడ్తిదారుకు అంతటి మొహమాటం లేదు. గదులు బుక్ చేసే సైట్లు మేక్‌మైట్రిప్, గోఐబిబో తమతో చేరిన హోటళ్ల చేత రాయించుకున్న ‘ధర సమానత’ షరతు ప్రకారం, తమ దగ్గర పెట్టిన ధరకన్నా తక్కువకు గదిని మరో సైట్‌లో గాని, చివరకు హోటలు సొంత సైట్‌లో గాని అమ్మడానికి అప్పట్లో వీల్లేదు. మేనల్లుడి చేత చేయించుకున్న వెబ్‌సైట్‌లో, తన గదికి తానే వంద రూపాయలు తగ్గించడం అపచారమన్నమాట.

ఒంటరి లాడ్జివాడికి ఢిల్లీ దూరం గనుక దేశవ్యాప్త హోటళ్ల సమాఖ్యే ఆ ‘సమాచారం’ మోసుకెళ్లింది. 2019 నాటి ఈ కేసులో కమిషన్ 2022 అక్టోబర్ 19న ఆ షరతులు మార్చమని చెప్పి, మేక్‌మైట్రిప్, గోఐబిబోలకు రూ.223.48 కోట్లు, వారితో ఒప్పందం కుదుర్చుకున్న ఓయోకు రూ.168.88 కోట్లు జరిమానా వేసింది. చెయ్యి తిరిగిందేమో, మర్నాడే ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు రూ.1,337.76 కోట్లు వడ్డించింది. అయితే చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం జరిమానా సొమ్మంతా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు చేరుతుంది. పరిహారం కావలసినవాడు అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఖజానా నుంచి తన ఊరి దారిలోని మన్నెగూడ రోడ్డుకు తట్టెడు కంకర వచ్చినా లాడ్జివాడు తన వాటా ముట్టిందనే అనుకోవాలి.

ఐరోపాలోనైనా ఇదే తంతు. ధరలు పోల్చి చూపే ఫౌండెమ్ సైట్‌ను 2006లో ప్రారంభించిన రాఫ్ దంపతులు, గూగుల్ వెతుకులాటలో అది అడుగుకు పోయిందని 2009లో యూరోపియన్ కమిషన్‌కు మొర పెట్టుకుంటే, 2017లో 242 కోట్ల యూరోల జరిమానా పడింది, 2024 సెప్టెంబర్‌లో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. ఫౌండెమ్ మాత్రం 2016లోనే మూతపడింది.

అంత ఓపిక లేని లాడ్జి యజమానికి మలుపు దగ్గర తాండూరు నాపరాయి పలక ఒకటి నిలబెట్టి, ‘రూములు కలవు’ అని ఎర్ర పెయింట్‌తో రాయించి, కింద ఫోన్ నంబరు వేయించుకునే సౌకర్యం ఉండనే ఉంది; ధర సమానత షరతు వెబ్‌సైట్ల సంగతి మాట్లాడిందే గాని, నాపరాయి ఊసెత్తలేదు.