సగం రొట్టె

కావలి నుంచి నెల్లూరు గంట ప్రయాణం. ఆ గంటలో మా మావయ్యగారు రొట్టెల పండగని కనీసం మూడుసార్లు రద్దు చేసి ఉంటారు.

ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. "చెరువులో నిలబడి రొట్టె తింటే వీసాలొస్తాయా? రొట్టెలో ఉండేది పిండిపదార్థం. తింటే వచ్చేది శక్తి. అదీ మధ్యాహ్నానికి అయిపోతుంది" అన్నారు, సింగరాయకొండ బడిపిల్లలకు చెప్పినట్టు వేలు ఊపుతూ.

"నమ్మేవాళ్లని నమ్మనివ్వండి" అని అత్తయ్య కథ ఎత్తుకుంది. గండవరం దగ్గర యుద్ధంలో పన్నెండుమంది వీరుల తలలు తెగిపడితే, గుర్రాలు వాళ్ల మొండేల్ని మోసుకొచ్చి స్వర్ణాల చెరువు గట్టున ఆగాయట. అక్కడే వాళ్లకి సమాధులు కట్టారట. ఆ తర్వాతెప్పుడో ఆర్కాటు నవాబు భార్యకి జబ్బుచేస్తే ఆ సమాధుల దగ్గరి మట్టి నుదుట రాసుకున్నాక నయమైందట. ఆ సంతోషంలో నవాబు దంపతులు వచ్చి చెరువు దగ్గర రొట్టెలు పంచారట.

"మట్టితో నయమైతే మధ్యలో రొట్టెకెందుకు పేరొచ్చింది?" అన్నారు మావయ్య. అత్తయ్య దగ్గర జవాబు లేదు. నిజానికి నాకూ తోచలేదు.

మా తోడల్లుడిది బ్యాంకు ఉద్యోగం. ఆయనకి మహిమతో పేచీ లేదు, పార్కింగుతోనే. కారు ఎక్కడో ఆపించి రెండు మైళ్లు నడిపిస్తారని, రాష్ట్ర పండుగ అని పేరు పెట్టగానే సరిపోదని ఆయన బాధ. వదినకి గట్టుమీది గాజుల అంగళ్లు చాలు. బావమరిది ఫోను ఛార్జింగు చూసుకుంటున్నాడు. మా ఆవిడ మాత్రం, "ఇచ్చేవాళ్లది ఏ మతమో, తినేవాళ్లది ఏ మతమో అక్కడెవరూ అడగరు. అలాంటి చోటు ఇంకెక్కడుంది?" అంది. బండిలో ఎవరూ కాదనని మాట అదొక్కటే.

నేను మావయ్య పక్షం. ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నాక పోయిన సెప్టెంబరులో నాకు ఉద్యోగం వచ్చింది. "అయిదు రౌండ్ల ఇంటర్వ్యూలు దాటి తెచ్చుకున్నాను. ఏ రొట్టె తిని తెచ్చుకున్నాను?" అన్నాను. అంతకాలం ఇంట్లో కూర్చున్నవాడు ఆమాత్రం గొప్ప చెప్పుకుంటే తప్పులేదనుకుంటాను. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ "అవునవును" అన్నారు.

మొహర్రం చాంద్రమానం లెక్క కనక పండగ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుందనీ, 2024లో జూలై 17న మొదలైందనీ, ఈసారి 6నే వచ్చిందనీ ఆయనే వివరించారు. సైన్సు మాస్టారు కదా, తేదీలు నోటిమీదే ఉంటాయి.

దిగేటప్పుడు "చెప్పులు బండిలోనే వదిలెయ్యండి, ఆ జనంలో మిగలవు" అన్నారు. అత్తయ్య నవ్వింది. "పోయినేడు ఇదే నెలలో ట్రెజరీ పనుందని నెల్లూరొచ్చి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు. బస్సులో పోయిందట. అప్పట్నుంచీ ఈ భయం."

బారా షహీద్ దర్గా ముందు ఇసుకేస్తే రాలనంత జనం. అరవం, కన్నడం, ఉర్దూ, మన నెల్లూరు తెలుగు అన్నీ కలిసి ఒకటే హోరు. దర్గా చూసుకుని నీళ్లలోకి దిగినవాళ్లు మోకాళ్ల లోతులో నిలబడి కేకలేస్తున్నారు. "పెళ్లి రొట్టె! పెళ్లి రొట్టె!" "సొంతిల్లు రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" పద్ధతి తేలికే. ఏ కోరికుంటే ఆ రొట్టె అడిగి పట్టుకోవాలి, తలమీద గుడ్డ కప్పుకుని అక్కడే తినాలి. కోరిక తీరితే మరుసటేడు వచ్చి, అదే కోరికున్న ఇంకొకరికి రొట్టె వదలాలి. అప్పిచ్చే చోట కూడా ఇంత నమ్మకంగా వసూళ్లు జరగవని మా బ్యాంకు తోడల్లుడే ఒప్పుకున్నాడు.

అక్కడ నేను కాసేపు కదల్లేకపోయాను. చంటిబిడ్డని చంకనేసుకున్న ఒకామె సంతానం రొట్టె పట్టుకుని నిలబడింది. ఆమె ఇంకా నోరు తెరవకముందే, నలభై దాటిన ఒక జంట నీళ్లు చిమ్ముకుంటూ పరుగున వచ్చారు. ఆయన కండువా చాపాడు. ఆవిడ రొట్టెకేసి చూడలేదు, బిడ్డకేసే చూస్తోంది. పక్కనే మద్రాసు నుంచి వచ్చిన కుర్రాడొకడు ఈ నీళ్లు శుభ్రంగా లేవని తమిళంలో విసుక్కుంటూనే విదేశం రొట్టె కోసం వెతుక్కుంటున్నాడు.

పిండిపదార్థం సంగతి మావయ్యని మళ్లీ కదిలిద్దామని చూస్తే ఆయన లేరు. గట్టుమీద లేరు, గాజుల అంగళ్ల దగ్గర లేరు. అత్తయ్య కంగారుపడింది. బీపీ మనిషి, ఎండలో ఎక్కడ కూలబడ్డారోనని తలా ఒకవైపు వెతికాం.

నాకే కనిపించారు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, తుండుగుడ్డ తలమీద కప్పుకుని నీళ్లలో నిలబడి ఉన్నారు. చేతిలో గట్టుమీద కొన్న రొట్టె. ఇంతసేపూ అంత ఉపన్యాసమిచ్చి ఇప్పుడు ఏం అడుక్కుంటున్నారో చూద్దామని చప్పుడు కాకుండా వెనకగా వెళ్లాను. తీరా చూస్తే ఆయన అడగడం లేదు, ఇస్తున్నారు.

"ఉద్యోగం రొట్టె! ఉద్యోగం రొట్టె!"

బురఖాలో ఉన్న పెద్దావిడ ఒకామె గబగబా వచ్చి కొంగు పట్టినట్టు రెండు చేతులూ చాపింది.

"ఎవరికొచ్చింది సార్ ఉద్యోగం?"

"మా అల్లుడికమ్మా. పోయినేడు ఇక్కడే పట్టుకున్నా. రెణ్నెల్లు తిరక్కముందే వచ్చింది."

"బాగా చదువుకున్న పిల్లోడా?"

మావయ్య ఒక్క క్షణం ఆలోచించారు. "సర్టిఫికెట్లయితే ఉండాయి."

ఆవిడ రొట్టె అందుకుంది గానీ మొహంలో దిగులు పోలేదు. "మావాడు ఇంటర్వ్యూకి పోతే నోరే తెరవడు సార్. పని చేస్తదంటారా?"

"ఏం భయపడబాకమ్మా" అన్నారు మావయ్య. "మా అల్లుడికే పనిచేసిందంటే, మీవాడికి సగం రొట్టె చాలు."