పిల్లగానికి తప్ప అందరికీ సులువు

సులువుగా వాడుకోగల సాధనం అంటే ఏమిటో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లోనే ఐఎస్ఓ 9241-11 అనే పత్రంలో తేల్చిచెప్పింది. ఫలానా మనుషులు, ఫలానా పనిని, ఫలానా పరిసరాల్లో ఎంత చక్కగా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత తృప్తిగా చేసుకోగలిగితే ఆ సాధనం అంత సులువైనదని దాని సారం. ఆన్‌లైన్ చదువుల యాప్‌లు తయారుచేసేవాళ్ళు ఈ నిర్వచనాన్ని పొల్లు పోకుండా పాటిస్తారు. ఇక్కడ ఫలానా మనుషులంటే కొనుగోలు కమిటీ సభ్యులు. ఫలానా పని, తెర మీద ప్రదర్శన చూసి తల ఊపడం. ఫలానా పరిసరాలు, హైదరాబాదులో ఏసీ వేసిన సమావేశ మందిరం, తెగని వైఫై, బల్ల మీద జీడిపప్పు బిస్కెట్లు. ఈ కొలతతో చూస్తే దేశంలో ఇంతవరకు విఫలమైన బోధనా యాప్ ఒక్కటీ లేదు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో వాటిని నిజంగా తెరవాల్సి వచ్చిన పిల్లలూ ట్యూషన్ సార్లూ నిర్వచనంలోకి రారు కనుక వాళ్ళ అవస్థ లెక్కలోకి రాదు.

ఈ కళ ఇంత ఎదగకముందు పరిస్థితి చాలా మొరటుగా ఉండేది. 1975 ఆగస్టులో ఇస్రో, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలకు అవి తెలుగులోనే వచ్చాయి. యాంటెనాలను కోళ్ళ దొడ్లకు కట్టే ఇనుప జాలీతో చేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. మానవ శాస్త్రం చదివినవాళ్ళను కొన్ని ఊళ్ళలో నెలల తరబడి ఉంచి, జనం ఏది చూస్తున్నారు, ఏది చూడకుండా లేచిపోతున్నారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు అన్నది కూడా రాయించారు. పల్లె కోసం చేసిన వస్తువును పల్లెకే తీసుకెళ్ళి చూడటమనే ఈ చాదస్తం తరవాతి తరాల్లో పూర్తిగా నయమైంది.

కరీంనగర్ జిల్లాలో పుట్టిన జి.రామ్‌రెడ్డి ఇంకో మెట్టు కిందికి దిగారు. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్. ఇవాళ దానిది అంబేడ్కర్ పేరు. దూరాన ఉన్నవాడికి చదువు చెప్పడానికి అక్కడ ఎంచుకున్న సాధనం అచ్చు పుస్తకం. దానికి తోడు కొంత రేడియో, దగ్గరి ఊళ్ళోని కళాశాలలో ఓ అధ్యయన కేంద్రం, సెలవు రోజు వచ్చి సందేహాలు తీర్చే లెక్చరర్. ఇంటర్ తప్పినవాళ్ళకూ అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చోటిచ్చారు. ఆ పుస్తకానికి ఛార్జింగ్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ లేదు, దానిమీద పోసిన చాయ్ ఆరితే మళ్ళీ పనిచేస్తుంది. సాంచ (మరమగ్గం) నడిపేవాడూ, బీడీలు చుట్టే ఆడమనిషీ, కండక్టరూ దాంతోనే పట్టాలు తెచ్చుకునే వీలు కలిగింది. పెట్టుబడిదారులకు చూపించుకోవడానికి మాత్రం అందులో ఏమీ లేదు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణలో టీశాట్ విద్య, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని పిల్లలను పక్కింట్లోనో పంచాయతీ ఆఫీసులోనో కూర్చోబెట్టమన్నారు. టీవీ పాఠానికి ఉన్న లోపం పెద్దదే. పిల్లగాడు చెయ్యెత్తితే తెర మీది సారుకు కనబడదు. అయినా మీట నొక్కితే వచ్చేది, కేబులు డబ్బులు కడితే ఆగకుండా నడిచేది. యాప్‌ల మేధావులు దీన్ని వెనకబడిన సాంకేతికతగా తీసిపారేశారు. అప్పటికి రెండేళ్ళ ముందు, 2017-18లో జాతీయ నమూనా సర్వే లెక్క తీస్తే దేశంలోని పల్లె ఇళ్ళలో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ అందేవి 14.9. ఈ అంకెలు చూసి ఎవరైనా టీవీ పాఠాన్నే ఇంకాస్త బాగుచేద్దామనుకుంటారు. ఆధునిక రూపశిల్పులు మిగిలిన నూటికి 85 ఇళ్ళను భవిష్యత్తులో రాబోయే కస్టమర్లుగా చూశారు.

సాధనం నిర్మాణంలో మొదటి భాగం ద్వారం, అంటే లాగిన్. దీన్ని వివరంగా చెప్పుకోవాలి, చాలామంది పిల్లల చదువు ఇక్కడే పూర్తవుతుంది కనుక. నియమం ప్రకారం విద్యార్థి తన ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, రెండు నిమిషాల్లో దాన్ని కొట్టాలి. విద్యార్థికి సొంత ఫోన్ ఉంటుందని, అది ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటుందని, అందులో ఎప్పుడూ బ్యాలెన్స్ ఉంటుందని ఈ నియమం నమ్ముతుంది. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి అని తమ బతుకును మూడు మాటల్లో చెప్పుకునే ప్రాంతంలో ఈ నమ్మకం కాస్త ఇబ్బంది పడుతుంది. బడి రిజిస్టర్‌లో రాసి ఉన్న నంబరు బాపుది. బాపు దుబాయిలో ఉన్నాడు. ఓటీపీ దుబాయికి పోతుంది, లేదా ఇంట్లో బీరువాలో పడున్న పాత సిమ్‌కు పోతుంది. బాపు డ్యూటీ దిగి, క్యాంపుకు చేరి, స్నానం చేసి, ఫోన్ తెరిచి ఆరంకెలు చదివి వినిపించేసరికి రెండు నిమిషాల గడువు దాటి ఆరేడు గంటలు అవుతుంది. ఈ ఏర్పాటు వల్ల తండ్రీకొడుకుల మధ్య మాటలు పెరిగాయని మాత్రం ఒప్పుకోవాలి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒక నంబరుకు ఒకే విద్యార్థి అనే మరో నియమం తగులుతుంది. అప్పుడు అన్న పేరుతో చెల్లె, చెల్లె పేరుతో అన్న పాఠం వింటారు. అన్న ఎనిమిదో తరగతి భిన్నాల్లో వెనకబడ్డాడని యాప్ గుర్తించి, అయిదో తరగతి చదివే చెల్లెకు అదనపు అభ్యాసం ఇస్తుంది. ప్రకటనల్లో ‘ప్రతి విద్యార్థికీ ప్రత్యేక మార్గం’ అని రాసేది దీని గురించే.

రెండో భాగం శబ్దం. సిరిసిల్లలో బి.వై.నగర్ లాంటి కార్మికవాడల్లో సాంచలు నడిచేటప్పుడు పక్కన కూర్చున్న మనిషి మాట కూడా పెదవులు చూసి పట్టుకోవాల్సిందే. ఆ చప్పుడు మధ్య పిల్లగాడు మైకు తెరిస్తే క్లాసులో ఉన్న అందరి చెవుల్లోనూ మగ్గం ఆడుతుంది. ‘సార్, వినవడ్తలేదు’ అన్న మాట ఒక్కటే అన్ని క్లాసుల్లోనూ స్పష్టంగా వినబడింది. రూపశిల్పులు దీనికి పెట్టిన విరుగుడు, పిల్లలందరి గొంతునూ ఒక్క నొక్కుతో మూసేసే మీట. టీవీ పాఠంలో పిల్లగాడు మాట్లాడలేడన్నదే యాప్ కొనడానికి చెప్పిన కారణం. యాప్‌లో కూడా మాట్లాడలేడు, కానీ ఇక్కడ ఆ నిశ్శబ్దానికి నెట్టు డబ్బులు వేరే.

వ్యవధి గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. జూమ్ ఉచిత ఖాతాలో గుంపు సమావేశానికి 40 నిమిషాలే గడువు. హాజరు తీసి, అందరికీ వినబడుతోందా అని అడిగి, లేదన్నవాళ్ళను బయటికి పోయి మళ్ళీ రమ్మని చెప్పి, పైథాగరస్ సిద్ధాంతం ఎత్తుకుంటే, ‘కావున’ అనే మాట దగ్గర తెర నల్లబడుతుంది. కోరుట్లలో ఇంటి వరండాలో ట్యూషన్ చెప్పుకునే సారు నెలనెలా చందా కట్టి దాన్ని పొడిగించుకోవచ్చు. ఆయన తీసుకునే నెల ఫీజు ఎంతో యాప్ తయారుచేసినవాళ్ళు అడగలేదు.

తెలుగు రాత విషయంలో సాధనాలు మరింత ఉదారంగా ఉంటాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. కానీ పల్లెల్లో, పట్టణాల్లో ప్రశ్నపత్రాలు తయారయ్యేది డీటీపీ సెంటర్లలో, చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో. ఆ ఫైలును యాప్‌లోకి ఎక్కిస్తే ‘కింది వాటిలో సరైనది ఏది’ అన్న వాక్యం ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలిసిన తాంత్రిక యంత్రంలా వస్తుంది. జవాబు సంగతి ఇంకా తేలిక. యంత్రానికి దిద్దడం వచ్చింది నాలుగింటిలో ఒకటి గుర్తించే ప్రశ్నలే గనుక యాప్ అవే అడుగుతుంది. పదో తరగతి పరీక్షలో మార్కులు ఎక్కువగా రాసే జవాబులకు ఉంటాయి. ఏడాదంతా బొటనవేలితో చుక్కలు నొక్కి, చివర్లో పెన్ను పట్టుకుని మూడు గంటలు రాయమంటే పిల్లల వేళ్ళు మొరాయిస్తాయి.

టీచరు వైపు తెరను డాష్‌బోర్డు అంటారు. పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో వృత్తాలు, పట్టీలు, శాతాలు. ఎవరికి భిన్నాలు రావు అన్నది తరగతిలో రెండు ప్రశ్నలడిగితే తెలిసే విషయం. అదే విషయాన్ని యాప్ ద్వారా తెలుసుకోవాలంటే ముందు టీచరే కూర్చుని దాన్ని యాప్‌కు చెప్పాలి. చెప్పిన వెంటనే యాప్ ఆ సంగతిని రంగుల్లో తిరిగి చెబుతుంది. 2020లో టీవీ పాఠాలు ఎంతమంది చూశారో రోజూ లెక్క పంపడం ఉపాధ్యాయుల పని. ఆ లెక్క పైకి వెళ్ళేది, మరుసటి రోజు పాఠం మాత్రం ఏ మార్పూ లేకుండా వచ్చేది. ఆ తరవాత ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది, మొదట పిల్లలకు, 2025 నుంచి టీచర్లకు కూడా. బడికి వచ్చిన మనిషిని బడికి వచ్చాడని నమ్మించడానికి వెలుతురు బాగున్నచోట నిలబడాలి. చదువు చెప్పడానికి వాడే సాధనాల కన్నా చదువు చెబుతున్నట్టు రుజువు చూపే సాధనాలు ఎప్పుడూ ఒక తరం ముందుంటాయి.

ఈ పరిశ్రమ శిఖరం చూసిన ఏడాది 2022. బైజూస్ కంపెనీ విలువను ఆ ఏడాది 2200 కోట్ల డాలర్లుగా కట్టారు. జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుని, డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. జూలైలో తెలంగాణ మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కె.టి.రామారావు తన పుట్టినరోజు సందర్భంగా ‘గిఫ్ట్ ఎ స్మైల్’ పేరిట రాజన్న సిరిసిల్ల జిల్లా ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో 6000 మందికి బైజూస్ పాఠాలున్న ట్యాబ్‌లు ఇస్తానని ప్రకటించారు. అదే సంవత్సరం ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు అధికారిక స్పాన్సర్లలో బైజూస్ ఒకటి. ఖతర్ ఎండలో జగిత్యాల, సిరిసిల్లల నుంచి పోయిన కూలీలు చాలామందే ఉన్నారు. బాపు అక్కడ బోర్డు మీద, కొడుకు ఇక్కడ ట్యాబ్ మీద ఒకే పేరు చదువుకునే సౌకర్యం ఏ పాఠశాలా ఇంతకుముందు కల్పించలేదు.

ట్యాబ్‌లో ఒక సుగుణం ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. నెట్టు లేకపోయినా నడిచేలా పాఠాలను అందులోనే నింపి ఇవ్వవచ్చు. పల్లె పిల్లలకు ఇది నిజంగా పనికొచ్చే ఆలోచన, పైగా చవకైనది. కానీ పాఠం ట్యాబ్‌లోనూ, పాఠానికి పూచీ బెంగళూరులోనూ ఉన్నాయి. 2024 జూలై 16న జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియకు అనుమతినిచ్చింది. బాకీ కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళింది క్రికెట్ బోర్డు, అడిగింది సుమారు 158 కోట్ల రూపాయలు. అక్టోబరులో వ్యవస్థాపకుడే కంపెనీ విలువ సున్నా అన్నాడు. రెండేళ్ళలో 2200 కోట్ల డాలర్లు సున్నా కావడం ఎలాగో చెప్పే లెక్కల పాఠం ఆ ట్యాబ్‌లలో లేకపోవడం సిలబస్ లోపం.

ఎవరూ ప్రత్యేకంగా రూపకల్పన చేయని సాధనం ఒకటి ఈలోగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్ళలోనూ స్థిరపడింది. పిల్లగాడు నోటుబుక్కులో లెక్క చేసి, ఫొటో తీసి సారు వాట్సాప్‌కు పంపుతాడు. సారు దానిమీద వేలితో ఎర్రగా గీసి, ‘మూడో లైన్ల గుర్తు మారింది చూడు’ అని గొంతు రికార్డు చేసి తిరిగి పంపుతాడు. పంపేటప్పుడు నెట్టుంటే చాలు, వినేటప్పుడు సాంచలు ఆగిన వేళ చూసుకోవచ్చు, అమ్మ బీడీల గంప దించి వచ్చాక ఆమె ఫోన్లోనే వినవచ్చు. తెలుగు టైపు చేయనక్కర్లేదు, రాత పరీక్షకు అలవాటు తప్పదు. ఇందులో హాజరు శాతం చూపే పట్టీ లేదు, రిబ్బన్ కత్తిరించే చోటు లేదు. పాత సందేశాలు వెతుక్కోవడం నరకం, పెళ్ళి పత్రికల మధ్య త్రికోణమితి పోతుంది. ఈ రెండు లోపాలు దిద్ది ఇస్తే ట్యూషన్ సార్లకు అంతకుమించి అక్కర్లేదు. అంత చిన్న పనికి ఎవరూ టెండరు పిలవరు.

2025లో తెలంగాణ ప్రభుత్వం ఏక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టింది. పిల్లగాడు ఎక్కడ ఆగాడో కనిపెట్టి అక్కడి నుంచి నడిపించడం దాని లక్ష్యం. పాత యాప్‌లూ ఇదే మాట చెప్పాయి. ఇది నిజమవుతుందో లేదో తేల్చేది సాధన నిర్మాణంలోని చివరి దశ, అంటే పరీక్ష.

పాఠ్యగ్రంథాల ప్రకారం పరీక్ష కొనుగోలుకు ముందు జరగాలి. ఆచరణలో అది కొన్నాక జరుగుతుంది, పరీక్షించేది పిల్లలు. మగ్గాలు నడుస్తున్న ఇంట్లో, అద్దం పగిలిన ఫోన్లో, సాయంత్రం పూట నెట్టు మెల్లబడినప్పుడు, ఇద్దరు పిల్లల మధ్య, తెలుగు మాత్రమే చదివే అమ్మ పక్కన కూర్చుని గంటసేపు వాడి చూపమంటే తయారీదారులకు ఖర్చేమీ కాదు, హైదరాబాదు నుంచి సిరిసిల్లకు బస్సు ఛార్జీలు తప్ప. ప్రస్తుతానికి ఏం పనిచేయలేదో చెప్పదలచిన విద్యార్థి యాప్‌లో ‘సహాయం’ అన్నచోట నొక్కాలి. అది లాగిన్ అయినవాళ్ళకే తెరుచుకుంటుంది.