ఎవరికీ ఇబ్బంది కలగని మధుమేహ అవగాహన సదస్సు: నిర్వహణ విధానం

మధుమేహ అవగాహన సదస్సు ఏటా నవంబరు 14న ఘనంగా జరిగి, 15వ తేదీకల్లా ఆనవాలు లేకుండా పోయే కార్యక్రమం. పద్ధతిగా నిర్వహిస్తే నిర్వాహకులకు పేరు, వచ్చినవారికి టిఫిను, పత్రికలకు ఫొటో దక్కుతాయి. ఎవరి నడుం చుట్టుకొలతలోనూ మార్పు రాదు. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి సదస్సులకు జనం కొరత లేదు. కింది క్రమం పాటిస్తే ముందు ముందు కూడా ఆ కొరత రాదు.

1. తేదీ

నవంబరు 14 ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు. 1921లో టొరంటోలో చార్లెస్ బెస్ట్‌తో కలిసి ఇన్సులిన్‌ను వెలికితీసింది ఆయనే. ఈ తేదీని ప్రపంచ మధుమేహ దినంగా 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి అధికారికంగా గుర్తించింది. మన దేశంలో అదే రోజు బాలల దినోత్సవం కావడం నిర్వాహకుల అదృష్టం. బడి పిల్లలను పొద్దున్నే వరుసగా నిలబెట్టి, ఒక చేతికి ‘తీపి తగ్గిద్దాం’ అనే అట్ట, రెండో చేతికి చాక్లెట్ ఇవ్వాలి. ఫొటోలో అట్ట మాత్రమే కనబడేలా చూసుకోవాలి.

2. నడక

నడక బ్యానర్ దగ్గర మొదలై బ్యానర్ దగ్గరే ముగియాలి. అక్కడిదాకా అందరూ కార్లలో, బైకుల మీద రావాలి. వారానికి 150 నిమిషాల నడక, అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు, మేలు చేస్తుందన్నది స్థిరపడిన విషయం. ఏడాదికి పది నిమిషాలు నడిస్తే ఏమవుతుందో ఎవరూ అడగలేదు కనుక సదస్సుకు అది చాలు. మర్నాడు నడుద్దామన్నా ఊళ్లో నడిచే దారి ఎక్కడుందన్న ప్రశ్న వేదిక మీద పెద్దల దాకా పోనీయరాదు.

3. ఉపన్యాసం

ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా రావాలి. అంతవరకూ జనాన్ని ప్లాస్టిక్ కుర్చీల్లోంచి కదలనీయకూడదు. కదలకుండా కూర్చోవడం మధుమేహానికి ఎంత దోహదం చేస్తుందో వారికి అనుభవపూర్వకంగా తెలుస్తుంది.

ఉపన్యాసంలో లక్షణాల గురించే ఎక్కువగా చెప్పాలి: అతిదాహం, పదేపదే మూత్రం, ఒళ్లు చిక్కిపోవడం. టైప్ 2 మధుమేహం చాలామందిలో ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉంటుందనీ, ఈలోగా కళ్లు, మూత్రపిండాలు, అరికాళ్ల నరాలు దెబ్బతింటూ ఉండవచ్చనీ చెప్పకూడదు. అప్పుడే దాహం వేయని వారంతా ‘మనకేం లేదు’ అనుకుని నిశ్చింతగా ఇంటికెళ్తారు.

నేరమంతా మిఠాయి మీద మోపాలి. పూతరేకులనూ కాకినాడ కాజానూ ఎంత తిట్టినా ఫర్వాలేదు, అన్నం జోలికి మాత్రం పోకూడదు. పూటకు మూడుసార్లు మారు వడ్డించుకునే పాలిష్ బియ్యం అన్నం త్వరగా అరిగి గ్లూకోజుగా రక్తంలో కలుస్తుందని చెబితే సభ సగం ఖాళీ అవుతుంది. బెల్లంలో కూడా అధిక భాగం చక్కెరేనని చెబితే మిగతా సగం లేచిపోతుంది. ఎవరైనా పట్టుబట్టి అడిగితే తెలంగాణ సోనా బియ్యం సంగతి చెప్పి ఊరుకోవచ్చు. దాని గ్లైసీమిక్ సూచిక తక్కువన్నది నిజమే. ఎంత తినాలన్న ప్రశ్న రాకముందే వందన సమర్పణ మొదలుపెట్టాలి.

సభలో ఒకరు లేచి, తమ మేనమామ మాత్రలు పక్కనపెట్టి కాకర రసంతో షుగర్ పోగొట్టుకున్నారని చెప్పడం ఆనవాయితీ. వెంటనే వారికి మైకు ఇవ్వాలి. మెంతులు, నేరేడు గింజల పొడి, పొడపత్రి వాళ్లకూ తలా ఒక అవకాశం రావాలి. ఆ మేనమామ ఇప్పుడెలా ఉన్నారని మాత్రం అడగకూడదు.

4. పరీక్ష

పరీక్ష బల్లను టిఫిన్ బల్ల పక్కనే వేయాలి. కనీసం 8 గంటలు ఏమీ తినకుండా చేసిన పరీక్షలో రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహంగా లెక్క. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీలో 6.5 శాతం హద్దులు. మామూలుగా ఏ ఫలితాన్నైనా మరోసారి పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఈ గొడవలేవీ లేకుండా ఉండాలంటే వచ్చినవారు ఎప్పుడు తిన్నారో అడక్కుండా సూది గుచ్చాలి. అంతకుముందు చేతికో బూందీ లడ్డూ ఇస్తే మరీ మంచిది. వేలికంటిన పాకం తుడవకుండా గుచ్చితే లేని చక్కెర కూడా మీటరులో కనబడుతుంది.

ఫలితం చెప్పే తీరు ఇలా ఉండాలి:

“ఎంతుందమ్మా?”

“నూట డెబ్భై ఎనిమిది, బాబాయ్ గారూ.”

“ఇప్పుడే గదా ఇడ్లీ తిన్నాను, ఉంటదిలే.”

“అంతేలెండి. ఓసారి డాక్టరు గారికి చూపించుకోండి.”

ఏ డాక్టరు, ఎప్పుడు, ఏ పరీక్ష అన్నవి చీటీ మీద రాయకూడదు. చీటీ చొక్కా జేబులోకి, చొక్కా బట్టల సబ్బు నీళ్లలోకి వెళ్లడంతో ఆ కేసు ముగుస్తుంది.

5. బార్డర్ వారి విషయం

పరగడుపున 100 నుంచి 125 మధ్య, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవారు ‘షుగర్ లేదు, బార్డర్‌లో ఉంది’ అని చెప్పుకుంటారు. వీరిని అభినందించి పంపేయాలి. నిజానికి పరిస్థితిని వెనక్కి తిప్పుకునే అవకాశం బాగా ఉండేది ఈ దశలోనే, కాబట్టి నిర్వాహకులు ఎక్కువ అప్రమత్తంగా ఉండాల్సిందీ వీరితోనే. తిండిలో మార్పు, క్రమం తప్పని నడకతో మధుమేహం ముప్పు దాదాపు 28 శాతం తగ్గిందని చెన్నై పరిశోధకులు 2006లో ప్రకటించిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ చూపింది. అమెరికాలో 2002లో వెలువడిన ఇలాంటి అధ్యయనంలో ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో ముప్పు 58 శాతం తగ్గింది. ఈ అంకెలు వేయక తప్పదంటే కరపత్రం చివరి పేజీలో, ముదురు నీలం మీద నల్లటి అక్షరాలతో వేయించాలి.

6. ఇన్సులిన్

బాంటింగ్ పటానికి దండ వేసిన చేత్తోనే ఇన్సులిన్ అంటే భయం పుట్టించాలి. ‘సూది దాకా వచ్చిందంటే ఇక అయిపోయినట్టే’ అన్న మాట సభలో ఒక్కసారైనా వినబడాలి. 1922 జనవరిలో టొరంటోలో మృత్యుముఖంలో ఉన్న 14 ఏళ్ల లియొనార్డ్ థామ్సన్ ఇన్సులిన్‌తో కోలుకుని ఇంకో 13 ఏళ్లు బతికిన సంగతి ఈ భయానికి అడ్డొస్తుంది, వదిలేయాలి. పిల్లల్లో ఎక్కువగా మొదలయ్యే టైప్ 1 వేరు, అది మిఠాయి తినడం వల్ల రాదు, ఇన్సులిన్ మానితే ప్రాణానికే ప్రమాదం అన్న వివరాలు కూడా చెప్పనక్కర్లేదు. ఆ పిల్లల తల్లిని చుట్టాలు ‘చిన్నప్పుడు తీపి ఎక్కువ పెట్టావు’ అని దెప్పిపొడిచే అవకాశం అలాగే ఉండిపోతుంది.

7. దరి చేరనీయకూడనివి

దర్జీ టేపు: ప్యాంటు బొజ్జ కిందికి జారే కొద్దీ సైజు మారదు, మగవారి ధైర్యమంతా అదే. టేపు బొజ్జ మీదుగా తిరిగి 90 సెంటీమీటర్లు దాటిందని తేలితే ఆ ధైర్యం పోతుంది. ఆడవారికి హద్దు 80.

రిజిస్టరు: వచ్చినవారి పేరు, ఫోన్ నంబరు రాసుకుంటే మూడు నెలల తర్వాత ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగే ప్రమాదముంది.

ఆశా కార్యకర్త: వయసు, నడుం కొలత, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఒళ్లు వంచి పనిచేస్తారా అని గడపలోనే నాలుగు ప్రశ్నలు అడిగి, ఫారం నింపి, ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. దండ, మైకు, టిఫిను ఏవీ లేకుండా సదస్సు చేయాల్సిన పనంతా ఆమె చేసేస్తుంది కనుక ఆమెను వేదిక చివర, స్తంభం వెనక నిలబెట్టాలి.

ఈ జాగ్రత్తల్లో ఏది తప్పినా జనం పరీక్ష చేయించుకునే అవకాశముంది. 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. దానికోసం నవంబరు దాకా ఆగనక్కర్లేదు.