ఫోనుండగా కసరత్తు దేనికి?

మామయ్యగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆస్పత్రి నుంచి పిట్టలవానిపాలెం తెచ్చేశారు. ఫిజియో డాక్టరమ్మేమో తెనాలిలో ఉంటుంది. రోజూ తిప్పలేరు కాబట్టి వీడియో కాల్‌లో చేయిస్తానంది. కంగారు పడకండి, ఆ కాల్‌ని గంగలో కలిపే మార్గాలు బోలెడున్నాయి.

భుజం, మోచెయ్యి, నడుం కనపడేలా ఫోన్‌ని దూరంగా, గోడకి ఆనించి పెట్టమంటుంది. మీరు మాత్రం మొహం దగ్గర పెట్టి "ఇదిగో, మాట్లాడండి" అనండి. హైదరాబాద్ మనవడితో మాట్లాడించేది అలాగేగా!

చెయ్యి ఆయన్నే ఎత్తమంటుంది. అందాకా ఎవరు కూర్చుంటారు? మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజండి. పట్టు తప్పిన భుజాన్ని లాగితే కీలు జారి నెలల తరబడి నొప్పి పెడుతుందంటారు. అననివ్వండి, చెయ్యి లేచిందా లేదా?

పళ్ళెంలో మినుములు పోసి ఒక్కో గింజా తీసి ఆయన చేత గిన్నెలో వేయించమందా? మాగాణి మినుము బస్తాలకొద్దీ ఉన్నా ఆయన ముందు పెట్టొద్దు. బొటనవేలూ చూపుడువేలూ కలవవు. గింజ జారి చాప కిందికి దొర్లుతుంది. మళ్ళీ తడుముకుంటారు. మూడో గింజకే నుదుటి మీద చెమట. కన్నబిడ్డలం, కట్టుకున్నవాళ్ళం, ఎలా చూస్తాం? అన్నం కూడా కలిపి నోట్లో పెట్టేయండి. వాడని చేతిని మెదడు పక్కన పెట్టేస్తుందని అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే ఆయన కోతుల్లో గమనించాడు. వేళ్ళు కాస్తయినా కదిలే రోగులకి బాగున్న చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించాడు. పెద్దవాళ్ళంటే అంత గౌరవం లేని మనిషి!

ఫోన్‌లోని కసరత్తు యాప్ "ఈ రోజు చేశారా?" అనడిగితే పిల్లాడి చేత "చేశాను" నొక్కించండి. గ్రాఫు బ్రహ్మాండంగా పైకి పోతుంది.

ఎవరైనా నిలదీస్తే చదువుకున్నవాళ్ళలా అటెండ్ అధ్యయనం పేరెత్తండి. మన దేశంలోనే 14 ఆస్పత్రులు, 1250 మంది పక్షవాతం రోగులు, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంట్లోవాళ్ళకి నేర్పి కసరత్తులు చేయించినా, మామూలు వైద్యం అందినవాళ్ళకంటే ఆరు నెలలకి అదనపు మేలేమీ కనపడలేదు. అక్కడే ఆపండి. ఆ రెండో జట్టుని ఊరికే మంచాన పడుకోబెట్టలేదన్న సంగతి మాత్రం బయటికి రానివ్వకండి.

మళ్ళీ మూతి వంకర తిరిగితే, మాట తడబడితే, ఫోటో తీసి డాక్టరమ్మకి వాట్సాప్ చేసి, నీలం టిక్కులు పడేదాకా కూర్చోండి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి మామూలుగా ఉండే గడువు నాలుగున్నర గంటలే. అయినా 108కి ఫోన్ చెయ్యాలంటే ఆ వాట్సాప్ మూసెయ్యాలి కదా!